ఆస్కార్ వైల్డ్‌ని గోడ మీద వెయ్యాలి. ఇన్ని మొహాల్లో ఏది పట్టుకోవాలి?

బోర్డులాయన, ఇజీనారం:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మూడు లాంతర్ల దగ్గర సందులో చిన్న షాపు. పదహారో ఏట బ్రష్ పట్టేను, ఇప్పుడు యాభై నాలుగు. కిళ్ళీకొట్టు బోర్డు దగ్గర్నించి సినిమా హాలు బేనరు దాకా అన్నీ రాసేను. ఫ్లెక్సులొచ్చేక ఆ పని చాలామట్టుకు పోయింది. ఇప్పుడు స్కూళ్ళ గోడలూ, అంగన్‌వాడీల్లో ఏనుగులూ కుందేళ్ళూ, అవే కూడు పెడతన్నాయి.

సంగతేటంటే, ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు లైబ్రరీ గోడ మీద ఇంగ్లీషు రచయితలు ఆరుగురిని వెయ్యమన్నారు. ఒక్కోటి నాలుగడుగుల ఎత్తు. ఫోటోలు వాళ్ళే కాయితాల మీద ప్రింటు తీసి ఇచ్చేరు. అయిదుగురితో పేచీ లేదు. షేక్‌స్పియరంటే బట్టతలా, పళ్ళెంలాటి కాలరూ. డికెన్సంటే గడ్డం. గడ్డం కుదిరితే మనిషి కుదిరినట్టే. ఆరోవాడి దగ్గర ఆగిపోయేను. ఆస్కార్ వైల్డట.

వాళ్ళిచ్చిన ప్రింటు మసగ్గా ఉందని ఫోన్లో వెతికేను. అదే నా తప్పయిపోయింది. ఒక బొమ్మలో పొడుగు జుత్తు, మోకాళ్ళ దాకా పంట్లాం, కింద ఆడవాళ్ళలాగ పట్టు మేజోళ్ళు. ఇంకోదాన్లో జనం మధ్యన పొడుగు టోపీ పెట్టుకుని, కోటుకి తెల్ల పువ్వు గుచ్చుకుని దొరలాగ నిలబడ్డాడు. ఒక కార్టూన్లో పొద్దుతిరుగుడు పువ్వు మధ్యలో ఇతని మొహం. ఒకదాన్లో చందమామలో నిద్రమొహంలాగ, బుగ్గలు జారిపోయి. ఇంకో రంగుల బొమ్మలో అయితే మరీను, బూరెల్లాటి బుగ్గలు, లిప్‌స్టిక్ రాసినట్టు చిన్న నోరు, వెనకాల మంచులో ఏదో గడియారం మేడ. ఆ బొమ్మ చూసి మా ఆవిడ "ఈయనకి ఒంట్లో బాగోలేదు కామోసు" అంది.

ఇవన్నీ ఒక్క మనిషేనా? ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్.టి.రామారావుని ఎన్ని వేషాల్లో వేసేనో లెక్కలేదు, అయినా ముక్కు చూస్తే రామారావే. ఈయనకి అలగ పట్టు దొరకట్లేదు. పైగా కాలేజీ పనులు చూసే ఆయనొచ్చి, "ఇదేటి నాటకాల కంపెనీ వేషం, మామూలు కోటూ టై తగిలించీ" అన్నాడు. తగిలించీగల్ను, పది నిమిషాల పని. మనసొప్పలేదు. మేజోళ్ళు ఊరికే ఎవడూ వేసుకోడు కదా.

తెలిసినవాళ్ళు రెండు చెప్పండి. ఒకటి, ఇన్నిరకాలుగా ఇతన్ని ఎందుకు వేసేరు? రెండు, ఫోటోలన్నీ నలుపూ తెలుపే. బొచ్చు కాలరుతో పొడుగు కోటొకటి ఉంది చూడండి, దాని రంగేటి? అది తెలీకపోతే డబ్బా మూత తియ్యలేను.

బొంకులదిబ్బ కుర్రోడు:

అన్నయ్యా, కోటు, కోతలు, ఇంగ్లీషు. మన గిరీశాన్ని వేసీ. ఎవడు కనిపెడతాడు?

పాత ఇంగ్లీషు మాస్టారు, శ్రీకాకుళం:

కుర్రోడు తమాషాకన్నాడు గానీ, కాలం లెక్కలో సరిగ్గానే అన్నాడు. విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినది 1892. అదే ఏడు లండన్లో వైల్డ్ నాటకం ఒకటి విరగబడి ఆడింది, ఇంకోటి, సలోమీ, రిహార్సల్స్‌లో ఉండగానే సర్కారువారు ఆపేశారు. బైబిల్లో మనుషుల్ని స్టేజీ ఎక్కించకూడదని వాళ్ళకో పాత నిబంధన. తేడా ఏమిటంటే అప్పారావుగారు కోతలరాయుణ్ణి నాటకంలో పెట్టి తాను తెరవెనక ఉండిపోయారు. వైల్డ్ ఆ వేషం తానే కట్టుకుని వీధిలోకి వచ్చాడు.

బోర్డులాయనగారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. అతను కవిగా పేరు తెచ్చుకోకముందే బొమ్మగా పేరు తెచ్చుకున్నాడు. ఆక్స్‌ఫర్డులో చదువై లండన్ వచ్చేనాటికి ఇరవై నాలుగేళ్ళు, చేతిలో చెప్పుకోదగ్గ పుస్తకం లేదు. పొడుగు జుత్తు, చేతిలో లిల్లీ పువ్వు, నీలం పింగాణీ గురించి మాటలు, ఇవి ఉన్నాయి. 1880 ప్రాంతంలో పంచ్ అనే వ్యంగ్య పత్రికలో డ్యూ మారియే అనే ఆయన తరచుగా ఇటువంటి సౌందర్యపిచ్చి కవుల మీద కార్టూన్లు వేసేవాడు. మీరు చూసిన పొద్దుతిరుగుడు మొహం కూడా ఆ పత్రికలోదే, 1881 జూన్‌లో శాంబోర్న్ వేసినది. ఆ ఏడే అలాంటి కవిని ఎగతాళి చేస్తూ పేషెన్స్ అనే సంగీత నాటకం వచ్చింది. అది అమెరికాలో ఆడబోతుంటే, అక్కడి జనానికి అసలు అలాంటి మనిషి ఎలా ఉంటాడో తెలియాలి కదా అని, నాటక కంపెనీ యజమానే వైల్డ్‌ని ఉపన్యాసాలకి పంపించాడు. అంటే చూడండి, ఎగతాళికి నమూనాగా జీతమిచ్చి పంపితే, ఇతను మేజోళ్ళు వేసుకుని మరీ వెళ్ళాడు! నాకు ఇతని తెలివి మీద గౌరవం కలిగినది పుస్తకాలు చదివి కాదు, ఈ ముక్క తెలిశాక.

మీరు చెప్పిన జనం మధ్య టోపీ బొమ్మ ఫ్రిత్ అనే చిత్రకారుడిది. 1881లో రాయల్ అకాడమీ చిత్ర ప్రదర్శన, పెద్దమనుషులు వచ్చి చూస్తున్నట్టు. దాన్ని 1883లో ప్రదర్శించారు. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఉన్నాడు, కవి బ్రౌనింగ్ ఉన్నాడు. కానీ కుడివైపు వైల్డ్ దగ్గరకొచ్చేసరికి ఆడవాళ్ళు మూగి వింటున్నారు, వెనకాల కొందరు కోపంగా చూస్తున్నారు. ఫ్రిత్‌కి ఇతనంటే గిట్టదు. బొమ్మల గురించి తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ మాట జనం వింటున్నారే అన్న కచ్చతో వేశానని తర్వాత తానే రాసుకున్నాడు. తీరా చూస్తే బొమ్మలో కన్ను వెళ్ళి ఆగేది వైల్డ్ దగ్గరే. కచ్చతో గీసినా కథానాయకుడు అతనే అయ్యాడు.

మన వైపు ఇలాంటి మనిషెవరని అడిగితే నేను ఆదిభట్ల నారాయణదాసుగారి పేరు చెబుతాను. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, రాసేదీ ఆయనే, పాడేదీ ఆడేదీ ఆయనే. ఆయన బొమ్మ వెయ్యాలంటే మీకు ఇంత ఆలోచన పట్టదు కదా. మనిషే ముందు గీత గీసి ఇచ్చేశాడు.

కోటు రంగు: సీసా ఆకుపచ్చ. 1882 జనవరి మొదట్లో న్యూయార్క్‌లో ఓడ దిగినప్పుడు వేసుకున్న కోటు అదే. ఆ కోటుకో కథ ఉంది, తీరిక దొరికాక రాస్తాను. పిల్లలు పిలుస్తున్నారు.

స్టూడియో అన్న, నరసన్నపేట:

ఆ మేజోళ్ళ ఫోటోల గురించి నాను చెప్తాను, ఇది మా కులదైవం కథ.

న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అని ఒకాయన, నాటకాలవాళ్ళ ఫోటోలకి పెట్టింది పేరు. వైల్డ్ ఊళ్ళో దిగిన నెలలోనే ఆయన స్టూడియోకెళ్ళేడు. ఇరవైకి పైగా ఫోటోలు తీసేడు. నిలబెట్టి, కూర్చోబెట్టి, ఆనించి, బొచ్చు కోటుతో, కోటు లేకండా. బోర్డులాయనా, నీ ప్రింటులో ఉన్నది ఆ ఫోటోల్లోదే అయ్యుంటాది.

అందులో పద్దెనిమిదో నెంబరు ఫోటో, కూర్చున్నది, దాన్ని ఒక లితో ప్రెస్ కంపెనీ అడక్కండా ఎత్తీసి 85 వేల కాపీలు అచ్చేసింది. సరోనీ కోర్టుకెళ్ళేడు. కంపెనీవాళ్ళ వాదనేటంటే, ఫోటో అంటే మిషను తీసినది, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు పడతాది, ఇందులో మనిషి పెట్టిన బుర్రేముంది, దీనికి హక్కేటి అని. ఇదే మాట నాకు పెళ్ళిళ్ళ సీజన్లో ప్రతి ఇంట్లోనూ ఎవడో ఒకడు అంటాడు, బిల్లు దగ్గర. "బటన్ నొక్కేవు, అంతే కదేటి."

కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా ఎళ్ళింది. 1884లో తీర్పు. మనిషిని ఎలగ కూర్చోబెట్టాలి, ఏ బట్టలు, వెనకాల తెర ఏది, వెలుగు ఎటునుంచి, నీడ ఎటు, ఇవన్నీ ఫోటోగ్రాఫరు బుర్రలోంచి వచ్చినవి, కాబట్టి ఇది ఆయన సొంత కృతి అన్నారు. సరోనీ గెలిచేడు. ఫోటోకి కాపీరైటు అక్కడ నిలబడింది ఈ వైల్డ్ మేజోళ్ళ ఫోటో పుణ్యమే. నాను ఆ ఫోటో ప్రింటు తీసి కౌంటరు వెనకాల తగిలించేను. ఎవరైనా "బటన్" అంటే దానికేసి చూస్తాను. వాళ్ళకి అర్థం కాదనుకో, నాకు చల్లగా ఉంటాది.

ఒక మాట. సరోనీ వెలుగు పక్కనుంచి, పైనుంచి పడతాది. దవడ కింద నీడ మింగీకు. ఆ పొడుగు మొహానికి బలం అక్కడే ఉంది. మేజోళ్ళు తీసెయ్యమన్నాయన మాట వినీకు, సగం ఫోటో పోతాది.

గీతల పిల్ల:

హాయ్ అంకుల్. నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నా, మాది పాలకొండ. చందమామ మొహం నాకు వదిలెయ్యండి. నా గోడ మీద మూడేళ్ళుగా ఉంది.

అది ఆబ్రీ బియర్డ్‌స్లీ వేసింది. మాస్టారు చెప్పిన సలోమీ నాటకం ఇంగ్లీషు పుస్తకానికి బొమ్మలు అతనివే, 1894. అప్పటికి వాడికి ఇరవై ఒకటి. ఒక ఇన్స్యూరెన్స్ ఆఫీసులో గుమస్తాగా చేసి వచ్చాడు, ఆర్ట్ స్కూల్లో సాయంత్రం క్లాసులు కొన్నాళ్ళు తప్ప పెద్దగా చదువు లేదు. (మా సీనియర్లకి ఈ మాట వినిపించకండి.) ఫ్రెంచిలో వచ్చిన సలోమీ చదివి ఎవరూ అడక్కుండానే ఒక బొమ్మ వేశాడు. తెగిన తల పట్టుకుని ముద్దు పెట్టుకునే సలోమీ. 1893లో ఒక కొత్త కళా పత్రిక మొదటి సంచికలో అది అచ్చయింది. దాంతో పుస్తకం పని దొరికింది. నాటకంలో సలోమీ ఆడే ఏడు ముసుగుల నాట్యం అంటే ఏంటో తనకీ ఇతనికీ తప్ప ఇంకెవరికీ తెలీదని వైల్డ్ ఒక కాపీ మీద రాసి ఇచ్చాడు కూడా.

ఇక్కడే మజా. బొమ్మలు పూర్తయ్యాక వైల్డ్‌కి నచ్చలేదు. తన నాటకం బైజాంటియం పద్ధతిలో నగలూ బరువూ అయితే, ఇతను జపాన్ బొమ్మల్లా ఖాళీ వదిలి గీశాడని గొణిగాడు. బియర్డ్‌స్లీ ఏం తక్కువ తిన్లేదు. పుస్తకంలో నాలుగు చోట్ల రచయితనే దూర్చేశాడు! చందమామ మొహం వైల్డ్‌దే. ఇంకోదాన్లో మూలన గుడ్లగూబ టోపీ పెట్టుకుని, తన నాటకం పుస్తకం చంకలో పెట్టుకుని, రండి బాబూ రండి అని గుడారం ముందు పిలిచేవాడిలా ఉంటాడు. ఎవరి పుస్తకమో వాడినే లోపల వెక్కిరించడం. ఆ వయసులో ఆ ధైర్యం చూస్తే నాకు అసూయ. పబ్లిషరు భూతద్దం పెట్టి ఎక్కడ బూతుందా అని వెతుక్కుని కొన్ని బొమ్మలు మార్పించాడు. అయినా చాలా తప్పించుకున్నాయి.

గీత విషయం. అంకుల్, మీరు బోర్డులు రాసేవాళ్ళు కాబట్టి మీకు వెంటనే తెలుస్తుంది. అందులో బూడిదరంగు ఉండదు. నలుపు, లేదా కాగితం. అప్పుడు కొత్తగా వచ్చిన పద్ధతిలో సిరా బొమ్మని ఫోటో తీసి, జింకు రేకు మీదకి ఎక్కించి, యాసిడ్‌తో తినిపించి బ్లాకు చేసేవాళ్ళు. దానికి మధ్య రంగులు పడవు. మిగతా ఆర్టిస్టులు అదొక లోటనుకుని గళ్ళగళ్ళుగా గీతలు గీకి నీడ తెప్పించేవాళ్ళు. ఇతను లోటునే పట్టుకున్నాడు. పెద్ద నల్ల ముద్ద, దాని పక్కన వెంట్రుకలాంటి ఒక్క గీత, మిగతాదంతా తెలుపు. నేను నెమలి లంగా బొమ్మ కాపీ చేశాను, ఏ ఫోర్ కాగితం మీద, రెండు రాత్రులు పట్టింది. ముంగాలి దగ్గర పైనుంచి కిందకి వచ్చే గీత ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో లాగాలి. ఆరుసార్లు పోయింది. ఏడోసారి వచ్చింది కానీ చెయ్యి వణికిన చోట నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారి చందమామ అట్టలు పక్కన పెట్టుకుని చూశాను ఒకసారి. రెండూ కథలకి వేసినవే. పాపయ్యగారు కథని ముద్దు చేస్తారు. బియర్డ్‌స్లీ కథతో దెబ్బలాడతాడు. రెండూ ఇష్టమే, కానీ నా చెయ్యి రెండోవైపు పోతుంది.

చివరికి పాపం వాడు. 1895 ఏప్రిల్‌లో వైల్డ్‌ని అరెస్టు చేసినప్పుడు చంకలో పసుపు అట్ట పుస్తకం ఉందని పేపర్లు రాశాయి. బియర్డ్‌స్లీ పనిచేసే పత్రిక పేరు ఎల్లో బుక్. జనం అదే అనుకుని ఆఫీసు అద్దాలు పగలగొట్టారు, పత్రికవాళ్ళు ఇతన్ని తీసేశారు. ఆ పత్రికలో వైల్డ్ ఒక్క ముక్క కూడా రాయలేదు తెలుసా! 1898లో క్షయతో పోయాడు. ఇరవై ఐదేళ్ళు.

బోర్డులాయన, ఇజీనారం:

అందరికీ దండాలు. ఇంత రాస్తారనుకోలేదు. రెండుసార్లు చదివేను, రెండోసారి మా ఆవిడకి పైకి చదివి వినిపించేను. జింకు బ్లాకు మాట చదివీసరికి మా గురువుగారు గుర్తొచ్చేరు. ఆయన దగ్గర పెళ్ళి శుభలేఖలకి వినాయకుడి బ్లాకు ఉండీది, చెక్కకి కొట్టిన జింకు రేకు. చిన్నప్పుడు వేలితో తడిమి చూసీవాడిని.

అమ్మా గీతల పిల్లా, ఆ ఒక్క లాగు సంగతి నాకు బాగా తెలుసు. "శ్రీ" గుడి కొట్టినప్పుడు అదే పరిస్థితి. ఊపిరి బిగబట్టడం కాదమ్మా, నెమ్మదిగా వదుల్తూ లాగాలి. చిటికెన వేలు గోడకి ఆనించు. ఈసారి చూడు.

స్టూడియో అన్నా, దవడ నీడ గుర్తుపెట్టుకుంటాను.

మాస్టారూ, ఆ బూరెబుగ్గల రంగుల బొమ్మ సంగతి ఎవరూ చెప్పలేదు. అది చూస్తే నాకు భయంగానూ ఉంది, వదల్లేకపోతన్నాను కూడా. మిగతావన్నీ వేషాలు. అదొక్కటే మనిషిలాగుంది. కోటు కథ కూడా బాకీ ఉన్నారు.

పాత ఇంగ్లీషు మాస్టారు, శ్రీకాకుళం:

సరిగ్గా పట్టుకున్నారు. అది తులూజ్ లోట్రెక్ వేసినది, 1895. పారిస్‌లో పోస్టర్లు వేసే మనిషి, మీ వృత్తివాడే అనుకోండి. కేసు విచారణ రోజుల్లో లండన్ వచ్చి వైల్డ్‌ని కలిశాడు. బొమ్మకి కూర్చోమంటే కూర్చోనన్నాడు. పదమూడేళ్ళ కిందట సరోనీ ఎదుట ఇరవైసార్లు కూర్చున్న మనిషి! అప్పటికి ఎటు చూసినా అతని మీద కార్టూన్లే. మాక్స్ బీర్బోమ్ అనే కుర్రవాడు గీసిన వ్యంగ్యచిత్రం ఒకటుంది, ఉబ్బిన మొహం, ఉంగరాల చెయ్యి. అది ఎంత క్రూరమైనదో వైల్డ్ పతనమయ్యాక గానీ తెలిసిరాలేదని తర్వాత అతనే ఒప్పుకున్నాడు. సరే, లోట్రెక్ మనసులో పెట్టుకుని వెళ్ళి జ్ఞాపకం మీద వేశాడు. అందుకే అందులో పువ్వూ లేదు, పోజూ లేదు. వెనక గడియారం మేడ లండన్ పార్లమెంటుది.

మీ వృత్తికి ఇంకా దగ్గర ముక్క ఒకటి చెబుతాను. అదే ఏడు పారిస్‌లో పెద్ద తిరనాళ్ళు. గూల్యూ అని ఒక నాట్యకత్తె, ఒకప్పుడు మూలాఁ రూజ్ అనే నాట్యశాలలో వెలిగిపోయి, ఇప్పుడు సొంతంగా జాతరలో గుడారం వేసుకుంది. గుడారం ముందు కట్టడానికి రెండు పెద్ద తెరలు వేసిపెట్టమని లోట్రెక్‌కి ఉత్తరం రాసింది. వేసిచ్చాడు. ఒక తెరలో ఆవిడ కాలెత్తి ఆడుతుంటే చూసే జనం మనకి వీపు చూపిస్తూ నిలబడతారు. వాళ్ళలో అందరికంటే భారీగా, టోపీతో ఉన్న వీపు వైల్డ్‌ది. జనం మధ్యలో, టిక్కెట్టు కొనుక్కుని చూడ్డానికొచ్చిన మనిషిలా. ఆ ఏడు మే నెలలో లండన్ కోర్టు అతనికి రెండేళ్ళ కఠిన శిక్ష వేసింది. మగవాళ్ళతో సంబంధం నేరమనే చట్టం కింద. తర్వాత ఆ తెరని ఒక వర్తకుడు ముక్కలుగా కోసి అమ్ముకున్నాడు. మళ్ళీ ఏరి అతికించారు. ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది, అతుకులు కనిపిస్తాయి.

ఇక కోటు. అరెస్టయిన నెలలోనే అప్పులవాళ్ళు ఇల్లు వేలం వేయించారు. రికెట్స్ అనే చిత్రకారుడు వైల్డ్ కథ ఒకదానికోసం పాతకాలం నాటిదిలా భ్రమపడేటట్టు వేసిచ్చిన చిన్న పటం కూడా అందులో పోయింది, మరి దొరకలేదు. కోటు మాత్రం అన్నగారి చేతిలో పడింది. ఆయన దాన్ని వదిలించుకున్నాడు. వైల్డ్ జైల్లోంచి 1897లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, మిగతా బట్టలు పోతే పోయాయి, ఆ కోటు కావాలన్నాడు. అమెరికా అంతా నాతో తిరిగింది, నా నాటకాల మొదటి ఆటలన్నిటికీ వచ్చింది, దానికి నేనెవరో బాగా తెలుసు అన్నాడు. దొరకలేదు.

బొంకులదిబ్బ కుర్రోడు:

మాస్టారూ, గిరీశం మాట వెనక్కి తీసుకున్నాను.

బోర్డులాయన, ఇజీనారం:

మాస్టారూ, జాతర తెర ముక్క చదివి చాలాసేపు ఊరుకుండిపోయేను.

మా గురువుగారితో కలిసి పైడితల్లమ్మ జాతరకి గుడారాల తెరలు వేసీవాడిని నాను. సిరిమానుకి పది రోజుల ముందునుంచీ రాత్రింబవళ్ళు. మాయల అద్దాలు, మరణబావిలో మోటారు సైకిలు, పాముల పిల్ల. గాడాగుడ్డకి జిగురూ సుద్దా కలిపి పూత పెట్టి, ఆరేక రంగులు. తొలేళ్ళ నాటికి కట్టియ్యాలి. తెర కింద వరసలో ఎప్పుడూ జనాన్ని వెయ్యమనీవారు, చూస్తన్న జనం, వీపులు. అలగ వేస్తే నిజం జనం కూడా వచ్చి వెనక నిలబడతారని గురువుగారి లెక్క. ఆ వీపుల్లో నాను మా నాన్నని వేసేవాడిని, భుజం మీద తువ్వాలుతో. ఎవరికీ తెలీదు. జాతరవగానే ఆ తెరలు చింపి లారీల మీద కప్పుకుపోయేవారు. వాటిని ఏరి అతికించే మ్యూజియం మనకేదీ.

సరే, పని సంగతి. నిన్న ప్రైమరు ఆరింది. దారానికి సుద్ద రాసి గళ్ళు కొట్టేను, ప్రింటు మీద అంగుళానికి గోడ మీద అయిదంగుళాలు. సరోనీ ఫోటోయే తీసుకున్నాను, నిలబడినది, బొచ్చు కోటూ మేజోళ్ళూ అన్నీ ఉంచి. మొహం ఇంకా ముట్టుకోలేదు. లోట్రెక్ బొమ్మ ఫోన్లో పక్కనే పెట్టుకున్నాను, వెయ్యడానికి కాదు, చెయ్యి మరీ అందంగా పోకండా.

కోటు మొదలెట్టేను. ఆకుపచ్చ స్టెయినరు ఎమల్షన్లో కలిపితే చిలకపచ్చ వచ్చింది, బడిపిల్లల యూనిఫారంలాగ. నలుపు వేస్తే బురదయింది. చివరికి నలుపు తగ్గించి చిటికెడు ఎరుపు వేసేను, అప్పుడు కుదిరింది. సోడా సీసా అడుగు ఉంటుంది చూడండి, ఆ రంగు. రెండు చేతులు పూసి దూరంగా నిలబడి చూసేను.

పనులు చూసే ఆయనొచ్చేడు. మేజోళ్ళ గీతలు చూసి మళ్ళీ మొదలెట్టబోయేడు. "ఇది కోర్టు ఒప్పుకున్న ఫోటో సార్, సుప్రీంకోర్టు" అన్నాను. ఏ దేశం కోర్టో, కోర్టుకెళ్ళింది ఏ ఫోటోయో నాను చెప్పలేదు, ఆయన అడగలేదు. కాసేపు చూసి, "కోటు మాత్రం బావుందోయ్" అని ఎల్లిపోయేడు.

కాలరు బొచ్చు రేపు. దానికి కొత్త బ్రష్ పనికిరాదు. అరిగిపోయిన సున్నం బ్రష్ ఒకటి దాచుకున్నాను, రంగు తుడిచీసి పొడిపొడిగా పొడిస్తే బొచ్చు లేస్తాది.